రెండో డ్రైవరు

సోహార్‌లో ఇన్సూరెన్సు కౌంటరు వెనక కుర్రాడు
నా లైసెన్సు తిప్పి చూశాడు.
"ఏడాది నిండలేదు. మేడమ్ పేరు కలిపితే
పద్దెనిమిది రియాళ్లు అదనం."
ఏసుపాదం నా వంక చూడలేదు.
అది రాజోలు చీటీలో ఒక నెల వాయిదా.

బండి ఒకటే.
పోర్టులో రాత్రంతా తిప్పిన క్రేను దిగి
తెల్లారి వస్తాడు. మెట్ల దగ్గర తాళం చేతులు మారుతుంది.
సీటు ఇంకా వెచ్చగానే ఉంటుంది.
నాలుగు పళ్లు ముందుకి జరుపుకుని,
అద్దం కిందికి వంచుకుని ఆసుపత్రికి పోతాను.
సాయంత్రం అతను అన్నీ మళ్లీ వెనక్కి.
మేం మాట్లాడుకునేది కూడా ఇంతే:
పెట్రోలు ఎంతుంది,
ఎడమ టైరులో గాలి చూసుకో.

బంపరు మీద గీత ఎవరు గీశారో నేటికీ తేలలేదు.
"పాత క్లెయిములు?" అన్నాడు కుర్రాడు.
"లేవు" అన్నాం ఇద్దరం,
చాన్నాళ్లకి ఒక్క గొంతుతో.

ప్రింటరు కాగితం కక్కింది.
అతని పేరు, కిందనే నాది.
మా పెళ్లి కార్డులో సువర్ణ అని అచ్చేశారు నన్ను;
ఇక్కడ సువార్త సువార్తగానే ఉంది.
దానికైతే పద్దెనిమిది ఇవ్వొచ్చు.

బయట ఎండ. అలవాటుకొద్దీ ఇద్దరం
డ్రైవరు తలుపు దగ్గరికే నడిచాం.
"నువ్వే పోనియ్యి" అన్నాడు.
పక్క సీటులోని తన హెల్మెట్టూ నా టిఫిను డబ్బా
వెనక్కి పడేసి కూర్చున్నాడు. మోకాళ్లు పట్టలేదు.
ఆ సీటు ఎలా జరుగుతుందో
ఇద్దరికీ తెలీదు.
వెతుక్కుంటూ ఉన్నాడు,
బెల్టు పెట్టుకోమని బండి కీచుమంటూనే ఉంది.