ముప్పై ఒకటి

పాకల బీచి రోడ్డు వదిలి, ఇసుక బాటలో
హేచరీ గేటు ముందు దించాం దాన్ని,
చెక్కపెట్టెతో సహా, నలుగురం, నడుములు పడిపోయేలా.
మార్గశిరం మూడో రోజు. తెల్లారుజామున పద్దెనిమిది డిగ్రీలు.
మనకది దుప్పటి చలి.
లోపల తొట్లలో
కంటికానని రొయ్యపిల్లలకి
అది చావు.

ముప్పై ఒకటి కావాలి నీళ్ళు.
ఇరవై తొమ్మిదైతే మేత సరిగా ముట్టవు.
ఇంకా పడితే అడుక్కి దిగిపోతాయి.
అప్పుడు సుగుణమ్మ గాజుగ్లాసు లైటుకి అడ్డంపెట్టి చూసి
ఏమీ అనకుండా పారబోస్తుంది.

పదకొండేళ్ళుగా ఆ ముప్పై ఒకటి
చెంచురామయ్య చేతిలో ఉంది.
షెడ్డు వెనక బాయిలరు, రాత్రికి పన్నెండు మోపుల సరుగుడు.
థర్మామీటరు జేబులోనే ఉంటుంది, తియ్యడు.
మోచెయ్యి ముంచుతాడు,
పసిబిడ్డకి వేన్నీళ్ళు తొరిపే తల్లిలాగా.

నేను పైపులు అతికిస్తుంటే పక్కనొచ్చి గొంతుక్కూచున్నాడు.
"ఇందులో పొయ్యి యాడుంది అబ్బయా?"
లేదన్నాను. గాల్లో వేడి లాగుద్దన్నాను.
"ఈ గాల్లోనా?"
తలకి చుట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.
"వేడే ఉంటే నేనెందుకు వణకతా ఉండా?"

చల్లగాలిలోనూ కాస్త దాగుంటది పెద్దాయనా,
పోపుల డబ్బా అడుగున చిల్లర ఉన్నట్టు.
ఇది ఆ చిల్లరంతా ఏరి, అదిమి, నోటు చేసి
నీళ్ళకిస్తది.
కాసేపు ఆలోచించాడు.
"వడ్డీవోడన్నమాట."

సాయంత్రానికి ఫ్యాను తిరిగింది.
వెనక నుంచి ఊదే గాలి ఐసుగడ్డ.
వద్దన్నా వెళ్ళి అరచెయ్యి పెట్టి చూశాడు.
చలిని ఇటు ఊస్తోందంటే
వేడిని అటు మింగినట్టేనని, అప్పుడు నమ్మాడు.

బాయిలరు పీకొద్దన్నాడు ఓనరు.
దానికో వాల్వు పెట్టాను, గోడకో గంట.
నీళ్ళు ముప్పైకి పడితే గంట మోగుద్ది,
చెంచురామయ్య లేస్తాడు, కట్టె పెడతాడు.
కాగితం మీద దాని పేరు బ్యాకప్పు.
"అంటే నేనిప్పుడు పన్నెండో ఆటగాణ్ణా?"
నేను బిగించిన బోల్టే మళ్ళీ బిగించాను.

రెండున్నరకి కరెంటు పోయింది.
జనరేటరు గాలిపంపుల వరకే లాగగలదు.
ఫ్యాను ఆగింది.
గంట మోగలేదు.
గంటకీ కరెంటే కావాలని
ఐటీఐ చదివిన నాకు, పదహారు మిషన్లు బిగించిన నాకు
తట్టలేదు.
బిల్లు పుస్తకం తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాను.

పొగ వాసనకి లేచాను.
బాయిలరు నోట్లో సరుగుడు ఎర్రగా మాట్లాడుతోంది,
పక్కన ఆయన మొహం, సగమే కనపడుతూ.
"గంట మోగిందా?"
"మోత ఆగింది గదా. ఆగితే మెలకువ రాదా?"

సుగుణమ్మ సెల్లు లైటు మీద గ్లాసు పట్టుకుని
చాలాసేపు నిలబడింది.
నాకు నా గుండె వినపడింది, తర్వాత సముద్రం.
గ్లాసులో చుక్కలు గింగిరాలు తిరుగుతున్నాయి,
ఒక్కోదాని వెనక సన్నటి మలం పోగు,
సూదికి దారం వేలాడినట్టు.
"తింటున్నయ్యి," అంది.
అంతకంటే మంచి మాట ఆ సీజన్లో నేను వినలేదు.

పొద్దున్నే గంటకి బ్యాటరీ కట్టాను. బిల్లులో రాయలేదు.
సింగరాయకొండ ఆటో ఎక్కేముందు
తొట్టి మీద వంగి మోచెయ్యి ముంచాను.
"ఎంత?" అన్నాడు.
ముప్పై అన్నాను.
మీటరు ముప్పై ఒకటీ పాయింటు రెండు చూపించింది.

ఆయనేమీ అనలేదు.
మంచుకి తడిసిన మోపొకటి
ఎండలోకి జరిపాడు.