తల్లి అనే గడిలో

రోహిణి కార్తె. నెల్లూరులో మూడో అంతస్తు.
మాకు ఫ్యాను, సర్వరుకు ఏసీ.
అదీ మధ్యాహ్నం మూడయ్యేసరికి
ముసలి పొట్టేలులా రొప్పుతుంది.

నా పని ఫైళ్ళకు పేర్లు పెట్టడం.
నాకు ముందు పనిచేసిన కుర్రాడు వదిలిపోయినవి:
గొర్రెలు కొత్తది,
గొర్రెలు కొత్తది అసలు,
గొర్రెలు అసలైన అసలు ముట్టుకోవద్దు.
ముట్టుకున్నాను.
ఒకదాంట్లో పల్ల గొర్రెలు నాలుగు వందల పన్నెండు,
ఇంకోదాంట్లో నాలుగు వందల ఇరవై ఒకటి.
తేడా వచ్చిన ఆ తొమ్మిదీ
ఏ ఫోల్డరులో మేస్తున్నాయో
నెలైనా దొరకలేదు.

ఒక్క నెత్తుటి బొట్టు విప్పితే
రెండు వందల అరవై కోట్ల అక్షరాలు.
ఉన్నవి నాలుగే, తిప్పి తిప్పి రాసినవి.
ముప్ఫైసార్లు చదివితేగానీ యంత్రం నమ్మదు.
నలభై గొర్రెలకే డిస్కు నిండింది.
కొత్తదానికి పెట్టిన కాగితం
మూడు సంతకాల అవతల ఆగింది.
నెట్టులో పంపుదామంటే
పదకొండు రోజులంది తెర.
డిస్కును తువ్వాలులో చుట్టి
పెరుగన్నం డబ్బా పక్కన సర్ది
తిరుపతి బస్సెక్కాను, సంచీ ఒళ్ళో పెట్టుకుని.
"ఏందమ్మా అంత బద్రంగా?" అన్నాడు కండక్టరు.
"గొర్రెలన్నా, నలభై."
"అయితే లగేజీ కొట్టమంటావా?"

ఆ నలభైలో ఒకటి నాలుగు వందల పదిహేడు.
రిజిస్టరులో తల్లి: రెండు వందల ఆరు.
నెత్తురు కాదంటోంది.
తెర మీద ఆ వరుస ఒక్కటే ఎర్రగా.
గొట్టం మారిందా,
చెమటకి లేబులు జారిందా,
ఒకటిని ఏడని చదివానా?
రెండు రాత్రులు నన్ను నేనే అనుమానించుకున్నాను.
"మంద దగ్గరికే పోయి చూడు" అన్నారు షాహీన్ మేడం.

ఉదయగిరి దాటి, తారురోడ్డు అయిపోయినాక
మాలకొండయ్య దొడ్డి.
చెవిపోగు చూడకుండానే చెయ్యెత్తి చూపించాడు.
"ఇదే గదమ్మా నువ్వు అడిగేది.
అదిగో, మూతి నల్లగుండే జోడిపి. దాని తల్లి."
నేను నెత్తురు మాట చెప్పాను.
బీడీ ఆర్పి కాసేపు నేలకేసి చూశాడు.

"కన్నది వేరే.
తుపాను రాత్రి ఈని, తెల్లారేతలికి చచ్చింది.
ఈ జోడిపికేమో పిల్ల పోయింది అదే వానకి.
పోయిన పిల్ల తోలొలిచి దీనికి తొడిగినా.
మూడు దినాలు వాసన చూసి తన్నింది.
నాలుగో దినం పొదుగిచ్చింది.
మీవోళ్ళొచ్చి తల్లి యాదని అడిగిరి.
పాలు తాగతా ఉండె. చూపిచ్చినా.
అబద్ధం నేనేం జెప్పలా."

బస్సులో వస్తూ లెక్కేసుకున్నాను.
మా పట్టికలో ఇరవై ఆరు గడులున్నాయి.
తోక పొడవుకి ఒకటి, కొమ్ము మెలికకి ఒకటి.
తల్లికి ఒకటే.
అందులో ఒక అంకే పడుతుంది.

మర్నాడు కొత్త గడి కలిపాను: పాలిచ్చినది.
వెంటనే ప్రోగ్రాములు పన్నెండూ పడుకున్నాయి,
వరుసకు ఇరవై ఆరు గడులని నమ్ముకుని బతికేవి.
మేడం తిట్టారు. తర్వాత
కుర్చీ దగ్గరకు జరుపుకుని
ఒక్కోదాన్నీ నాతో కలిసి లేపారు.

మిగిలింది కన్నది.
చెవిపోగులు వెయ్యకముందే పోయింది కనక
దానికి అంకె లేదు.
ఖాళీ వదిలితే యంత్రం ఒప్పుకోదు.
తెలియని తల్లికి సున్నా వెయ్యాలట.
వేశాను.
వేసి, ఆ ఎర్రటి వరుస తెల్లబడటం చూశాక
అన్నం సయించలేదు.

నా తర్వాత వచ్చేవాళ్ళకి
ఫైలు మొదట్లో రాసిపెట్టాను:
సున్నా అంటే లేదని కాదు.
ముట్టుకోవచ్చు,
కానీ ముందు మాలకొండయ్యకు ఫోను చెయ్యండి.
ఏడు దాటితేనే,
మందను దొడ్డికి తోలాక,
సిగ్నలుండే బండ మీదికెక్కుతాడు.