కత్తి వాలు

తెల్లవారుజామున ఐదింటికి
తెల్ల బూట్లు, తెల్ల టోపీ, మంచునీళ్లలో వేళ్లు.
కిసుము రేవులో దిగిన ఎంబూత చేప
నా బల్ల మీదికి వచ్చేసరికే
దానికి ఊరు మారిపోయి ఉంటుంది.
ఎడమ కండ రాటర్‌డ్యామ్‌కి,
కుడి కండ కూడా అక్కడికే.
పొట్టలో ఒక గాలితిత్తి ఉంటుంది చూడండి,
అరచేయంత, జిగటగా, ఏ రుచీ లేనిది,
దాన్ని మాత్రం తాళమేసిన గదిలో ఎండబెడతారు.
హాంకాంగ్‌లో ఎవరో దానితో పెళ్లివిందుకి సూపు కాస్తారట.
కిలో ధర విన్న రోజు
మా ఒకేయో ఈల వేశాడు,
సూపర్‌వైజర్ వాడి జేబులు వెతికాడు.

మిగిలేది తల, తోక, మధ్యన దువ్వెన.
ఆ దువ్వెననే
మా అమ్మ అపోండి ఒబుంగాలో
సగం కోసిన డ్రమ్ములో, నల్లబడ్డ నూనెలో వేయిస్తుంది.
'విప్పిన వెన్ను' అంటారు మావాళ్లు.
ముల్లుకీ ముల్లుకీ మధ్య దొరికిందే
వీధి వీధంతా ఉగాలితో నంజుకునేది.

అందుకే
నా కత్తి కొంచెం వాలుతుంది.
వెన్ను దగ్గర, గోరంత మందం.
కాటాకి అందనంత.
పదకొండేళ్లుగా
జీతం చీటీలో లేని జీతం అది.
అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.
"మీ ఫ్యాక్టరీలో ఎవరికో కోత సరిగ్గా రాదే"
అని ఒకసారి నూనెలోకి చూస్తూ అంది, అంతే.

ఈ ఏడు వానలు మొదలయ్యాక
గేటు దగ్గర కొత్త లారీ.
ముళ్లకీ టెండరు!
పొడి కొట్టి, కోళ్లకి దాణా.
అమ్మ ఖాళీ బకెట్టుతో నిలబడింది.
వాళ్లు కొంటామన్న ధర
నిన్నటిదాకా ఆమె అమ్మిన ధర.

ఇప్పుడు ఆమె బండి మీద
అట్టపెట్టెల్లో గడ్డకట్టిన తిలాపియా.
పెట్టె మీది అక్షరాలు
ఆమెకీ రావు, నాకూ రావు.
సరస్సుకి వీపు పెట్టి కూర్చుని
సముద్రం దాటొచ్చిన చేప మీద
ఈగలు తోలుతుంది.
"అన్నీ ఒకే సైజు, అచ్చుపోసినట్టు.
ఇక బేరమాడటానికి ఏముంది,
వచ్చినవాళ్లు మాట్లాడకుండా పోతున్నారు."

నా కత్తి ఇంకా వాలుతూనే ఉంది.
చేతికి అలవాటు, చెబితే వినదు.
ఆ గోరంత కండ
ఏ కోడి ముక్కుకి తగులుతోందో.

నిన్న రాత్రి అమ్మ రెండు గుడ్లు ఉడికించింది.
నేను పెంకు ఒలుస్తుంటే చూసి చూసి
"చేప వాసన వస్తోందా?" అంది.