కిటికీ తెరిచే ఉంది

పుంటా అరెనాస్‌లో గాలి ఎవర్నీ అడిగి రాదు.
వీధి మలుపులో తాడు కట్టి ఉంటుంది, పట్టుకు నడవడానికి.
ఆ తాడు పట్టుకునే వస్తాడు అమారో, ప్రతి మంగళవారం.
ఆరేళ్లవాడు. చెవుల మీదికి ఊలు టోపీ,
రెండు జేబుల నిండా జలసంధి ఒడ్డున ఏరుకున్న ఆల్చిప్పలు.

"కిటికీ తెరిచే ఉంది," అన్నాను, చేతులు రుద్దుకుంటూ.
కిటికీ వైపు చూశాడు. "అవును," అన్నాడు.
నిజమే. తెరిచే ఉంది.
బల్లమీది కాగితాలు నేలంతా పరుగెత్తాయి.
ఒక్కొక్కటీ ఏరి, అంచులు కలిపి, నా చేతికిచ్చాడు.
కిటికీ నేనే మూశాను.
ఒకటో ప్రశ్నకెదురుగా సున్నా చుట్టాను.

అయిదో ప్రశ్న:
"బెనీటా గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చింది. బయట ఏమవుతోంది?"
వాడి పెదాలు కదులుతున్నాయి,
వలలోంచి మాటల్ని ఒక్కొక్కటే ఒడ్డుకు లాగుతున్నట్టు.
బెనీటా. గొడుగు. దులుపు...
మూడోది చేతికందేలోపు
మొదటిది మళ్లీ నీళ్లలోకి జారిపోయింది.
"బయట కుక్క ఉంది," అన్నాడు చివరికి.
ఉంది కూడా. గేటు దగ్గర, తడిసి ముద్దయి.

ఈ ఊళ్లో గొడుగు ఎవరూ పట్టరు, గాలి పట్టనివ్వదు.
ప్రశ్నలు శాంటియాగోలో ఎవరో రాశారు.
అయినా సున్నా సున్నాయే.

గుమ్మడికాయల దొంగ అంటే
లోకమంతా భుజాలు తడుముకుంటుంది.
వీడు మాత్రం గుమ్మడికాయ కోసం చుట్టూ వెతుకుతాడు.

"మొండివాడంటోంది వాళ్ల టీచరు," అంది ఒఫేలియా.
పీతల ఫ్యాక్టరీలో పని ఆమెకి, వేళ్ల నిండా ముళ్ల గాట్లు.
"గది ఎంత శుభ్రంగా ఉందో చూడండర్రా అని ఆవిడంటే
పిల్లలందరూ కింద పడ్డవి తీశారట,
వీడేమో చూసి, చాలా మురికిగా ఉంది టీచర్ అన్నాడట."
నవ్వబోయి ఆగింది.
"ఇంట్లో నా బూట్లు తడిగా కనిపిస్తే చాలు,
నేనేమీ అనకుండానే పొయ్యి దగ్గర పెడతాడు.
అదే నోటితో చెబితే... ఎక్కడికి పోతుందండీ మాట?"

నా దగ్గర జవాబు లేదు. ఫైలు ఉంది.

జూలైలో ఒక మంగళవారం, అయిదింటికే చీకటి.
పదకొండో ప్రశ్న చదువుతూ
నా ఫోను బోర్లించాను, తిప్పి చూశాను, మళ్లీ బోర్లించాను.
పోర్వెనీర్ నుంచి పడవ కట్టేశారన్నాడు రామీరో పొద్దున.
పడవ గురించే అన్నాడు. ఇంకేమీ అనలేదు.
"సరేలే," అన్నాను నేనూ. ఇంకేమీ అనలేదు.

అమారో జేబులోంచి అన్నిటికన్నా పెద్ద ఆల్చిప్ప తీసి
ఫోను మీద పెట్టాడు.
ఎందుకో చెప్పలేదు.
ఎగిరిపోతుందనుకున్నాడా?
మోగొద్దని మూత పెట్టాడా?
నాలుగో మూడో అర్థాలు చేతికొచ్చాయి, ఏదీ నిలవలేదు.
మార్కులు వేసే కాలమ్ నా వైపు చూస్తూ ఉంది.

తర్వాతి వారం
"అమారో, నాకు చలేస్తోంది. కిటికీ మూస్తావా?" అన్నాను.
లేచాడు. మూశాడు. గడియ రెండుసార్లు లాగి చూసుకున్నాడు.
ఇంత చిన్న వాక్యం నేర్వడానికి
పదకొండేళ్ల ఉద్యోగం పట్టింది నాకు.

ఆ రాత్రి ఫోనెత్తి అన్నాను:
"రామీరో, పడవ సంగతి కాదు నేనడిగేది.
నువ్వు కావాలి. రా."
అవతల చాలాసేపు గాలి చప్పుడు.

నేను దానికేమీ అర్థం చెప్పుకోలేదు.
ఆగాను.