సీ షిఫ్టు

ఏడింటికి బండి దిగుతాడు మా ఆయన.
కోక్ ఓవెన్ వేడి ఇంకా చొక్కాలోనే ఉంటుంది.
కాంట్రాక్టు వాళ్లకి సీ షిఫ్టే మిగులుతుంది.
రెండు ఇడ్లీ తిని, కిటికీకి దుప్పటి కట్టి,
గాజువాక అంతా లేచాక పడుకుంటాడు.

వేసవి సెలవుల్లో మా సందులో
పది గొట్టేసరికి బంతి దిగుతుంది.
అటు వికెట్టు కరెంటు స్తంభం,
ఇటు వికెట్టు ఎవరిదో విరిగిన ప్లాస్టిక్ కుర్చీ.
గెడ్డలో పడితే అవుటు,
మా గేటుకి తగిలితే నాలుగు.
ఎన్ని నాలుగులు కొట్టారో
గేటుకున్న సొట్టలు లెక్క చెబుతాయి.

మొదట బతిమాలాను, మజ్జిగ ఇచ్చి మరీ.
తర్వాత బంతి దాచాను, బియ్యం డబ్బాలో.
ఆ తర్వాత
చీపురు ఎత్తాను, దమయంతి కొడుకు మీద.
కొట్టలేదు. ఎత్తానంతే.

మేడ మీంచి దమయంతి చూసింది.
"ఏటమ్మా, సందు నీ మొగుడు కొన్నాడేటి?"
"నిద్రే కొనుక్కోలేకపోతున్నాడు, సందెక్కడ కొంటాడు?"
"నీ గుంటడు లేడా ఆ గుంపులో? ఆడికి గొంతు లేదా?"

ఉంది. మా లోహిత్‌దే అందరికన్నా పెద్ద గొంతు.
ఆవిడ అన్నందుకు కాదు,
నిజమైనందుకు మండింది నాకు.
అక్కణ్ణించి మాటలు ఎక్కడికెక్కడికో పోయాయి.
మోటారు స్విచ్ దగ్గరికి,
మేం అద్దెకున్నవాళ్లం అన్న మాట దగ్గరికి,
రెండేళ్ల కిందట పైకెళ్లి కిందికి రాని
నా ఇడ్లీ పాత్ర దగ్గరికి.
ఆగి చూసేసరికి
గుమ్మంలో మా ఆయన, లుంగీతో, ఎర్రటి కళ్లతో.
పిల్లలు ఎప్పుడో ఆట ఆపేశారు.
గోడ మీద వరసగా కూర్చుని
మమ్మల్ని చూస్తున్నారు.

మర్నాటినుంచి సందులో చప్పుడు లేదు.
ఫోనుల్లో పడ్డారు కాబోలు అనుకున్నాను.
దుప్పటి అంచు ఎత్తి చూద్దును కదా,
ఆడుతూనే ఉన్నారు!
బంతికి పాత సాక్సు తొడిగారు,
బ్యాటుకి గుడ్డ చుట్టారు,
చెప్పులు గట్టు మీద విప్పేసి
కాలే సిమెంటు మీద ఎగిరెగిరి పరిగెడుతున్నారు.
అవుటని అడగాలంటే చేతులెత్తి
నోరు బార్లా తెరుస్తారు,
గాలి తప్ప ఇంకేం రాదు.
మౌనిక కూడా! పేరుకే మౌనిక,
ఆ పిల్ల అరిస్తే షిప్‌యార్డు సైరనే.

నెల గడిచింది. మా ఆయన కళ్లు తెల్లబడ్డాయి.
దమయంతి నీళ్లకి దిగితే నేను లోపలికి,
నేను దిగితే ఆవిడ పైకి.
కిటికీ ఊచల మీద నల్ల ధూళి తుడిచే నెపాన
రోజూ ఆట చూసేదాన్ని.
ఊచలు అంత తెల్లగా ఎన్నడూ లేవు.

మొన్న మంగళవారం
మావాడు పద్దెనిమిది మీద ఉన్నాడు.
దమయంతి కొడుకు జశ్వంత్
గీత దాటి, జానెడు దాటి కాలేసి విసిరాడు.
బంతి కుర్చీ కాలికి తగిలింది.
చేతులన్నీ లేచాయి, నోళ్లన్నీ తెరుచుకున్నాయి.
మావాడు కిక్కురుమనకుండా బ్యాటు కింద పెట్టేశాడు.

"నోబాల్రా!"
ఆ కేక నాదే.
గెడ్డ అవతల కుక్క లేచింది.

"నోబాలేటి? కాలు లోపలే ఉంది, నాను సూణ్ణేదా?"
పైన దమయంతి, చేతిలో
పొద్దుటినుంచీ ఆరేస్తున్న అదే తువ్వాలు.
"నీకు కళ్లున్నాయా?"
"నీకున్నాయా?"
పిల్లలు పెదాల మీద వేలేసుకుని
"ష్..." అన్నారు, మాకు.

లోపల మంచం కిర్రుమంది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
మళ్లీ ఏం వినిపించలేదు.

దమయంతి రైలింగు మీంచి ఇంతకింత వంగి,
గొంతు బాగా దించి,
"బెత్తెడే దాటాడు" అంది.

నేను వేళ్లు చాచి చూపించాను,
జానెడు.