మూతలు

గ్దీనియాలో కిటికీ మీద మంచు.
బొటనవేలంత బాకా సిపాయి మొహానికి
పొద్దుటి నుంచీ రంగేశాను.
పక్కింటి యగోదా భూతద్దంలోంచి చూసి
"వీడికి ఓడ పడలేదా?" అంది.
ఆకుపచ్చగా ఉన్నాడట.

ఈ కళ్లకే ట్రాలీబస్సు నడపనివ్వలేదు నన్ను;
డిపోలో ముప్ఫై ఏళ్లు టికెట్లు లెక్కపెట్టాను.
పెళ్లినాడు బొజెనా చెంపలు కందిపోయాయని
అందరూ నవ్వారు.
నాకు తెలిసింది వాటి వెచ్చదనమే.

సీసా మూతల మీద యగోదా రాసిపెట్టింది:
చెంప, పెదవి, చెవి తమ్మె,
"ఇది వద్దు, గడ్డి."

నిన్న రెండు మూతలు బల్ల కిందకి దొర్లాయి.
ఏది దేనిదో!
బడి వదిలేది మూడింటికి.
అంతదాకా ఊరుకోలేక
అద్దం ముందు దీపం పెట్టుకుని
నా మొహంలో వెలుగు ఎక్కడ ఆగుతోందో,
కంటి కింద చీకటి ఎంత లోతో చూస్తూ
ఏదో ఒక సీసాలో కుంచె ముంచాను.
చీకటికి చిక్కగా, వెలుగుకి పల్చగా.

యగోదా చాలాసేపు మాట్లాడలేదు.
"రంగు తప్పే," అంది చివరికి,
"కానీ రాత్రి షిఫ్టు దిగొచ్చిన
మా నాన్నలా ఉన్నాడు."

ఆ అలసట ఏ సీసాలోదో అడగలేదు.
మూతలు సరిచేసి, చేతులు తుడుచుకుని
లెక్కల పుస్తకం తీసింది.