చీటీ పాట

బొమ్మనహళ్లిలో మూడో అంతస్తు మిద్దె మీద
నీళ్ల ట్యాంకు నీడ ఎంత పడితే అంతలోనే
ఇరవై మందిమి సర్దుకుని కూర్చుంటాం,
నెలకో ఆదివారం.
తిప్పక్క చాప పరుస్తుంది.
పుస్తకం నాది, ఏడో తరగతి దాకా చదివిన పాపానికి.

తలా రెండున్నర వేలు. మొత్తం యాభై వేలు
స్టీలు డబ్బాలో, మూత మీద ఎవరిదో ఫోను బరువు.
దీన్ని పాట అంటారు గానీ
ఎవరి గొంతులోనూ రాగముండదు.
ఎక్కువ పోగొట్టుకోడానికి ఒప్పుకున్నవాళ్లదే డబ్బా.
వాళ్లు వదులుకున్నది అందరం పంచుకుంటాం.
ఎవరి గండానికి వాళ్ల నోటితోనే
వెల కట్టించే ఆట.
బ్యాంకు గడప తొక్కనివ్వని మాకు
బ్యాంకు మేమే, వడ్డీ మేమే.

జులైలో మాబున్నికి డబ్బు కావాల్సొచ్చింది.
కూతురి నర్సింగు ఫీజు, మంగళవారం ఆఖరు.
ఆ సంగతి నాకు ముందే తెలుసు.
గార్మెంట్స్‌లో నా పక్క మిషను ఆమెదే:
నేను కాలరు, ఆమె కఫ్.
టిఫిను మూత తీస్తూ చెప్పింది,
"ఈసారి నేను ఎత్తుకుంటా మే, ఏమనుకోవద్దు."

మూడు వేలు. నాలుగు. ఐదున్నర.
ఒక్కొక్కరూ చాప అంచు గిల్లుకుంటూ తప్పుకున్నారు.
"ఎనిమిది" అంది మాబున్ని.
తిప్పక్క "ఒకటోసారి" అంది. "రెండోసారి."
ట్యాంకు నిండి నీళ్లు గోడ వెంట కారుతున్నాయి.
అప్పుడు నా నోరు
"ఎనిమిదిన్నర" అంది.

ఆ నెల నాకు ఏ అవసరమూ లేదు.
ఆమె ఆగిపోయుంటే
ఆ డబ్బుతో ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలీదు.
ఆగదని తెలుసు, అంతే.
నా వైపు చూడకుండా
"తొమ్మిది" అంది.

పుస్తకంలో రాశాను: తలా నాలుగు వందల యాభై.
నేను నోరు మూసుకునుంటే నాలుగు వందలే.
ఎవరూ నన్ను తిట్టలేదు.
మునెక్కయితే నవ్వుతూ మోచేత్తో పొడిచింది.
నా యాభైతో టమాటాలు కొన్నాను.
పులుసు బాగానే కుదిరింది,
అదే మింగుడు పడలేదు.

సోమవారం గంటకి తొంభై చొక్కాలు.
సూపర్‌వైజరు "బేగ బేగ" అని నెత్తి మీద నిలబడ్డ వేళకే
నా సూది విరిగింది.
మెకానిక్కు ఎక్కడో టీ తాగుతున్నాడు.
నా ముందు కాలర్లు గుట్ట పడ్డాయి.
మాబున్ని మాట్లాడలేదు.
తన కఫ్‌లు పక్కకి నెట్టి
నా గుట్టలో సగం లాక్కుంది.

ప్రేమ అనుకోను.
లైను తప్పితే అందరి ఇన్సెంటివూ పోతుంది,
అందులో ఆమెదీ ఉంది.
కానీ కాలరు మూల తిప్పేచోట
ఎంత నున్నగా కుట్టిందంటే
అంత నునుపు ఏ టార్గెట్టూ అడగదు.
విప్పి చూశాను, తప్పు దొరుకుతుందేమోనని.
దొరకలేదు.

నవంబరులో మా ఆయన ఆటో ఇంజను కూర్చుండిపోయింది.
ఈసారి చాప అంచు గిల్లింది నేను.
"ఏడు" అన్నాను.
ఒకసారి ఎత్తుకున్నవాళ్లు మళ్లీ పాడకూడదు,
కాబట్టి మాబున్ని గోడకి ఆనుకుని
వక్కాకు మడుచుకుంటోంది.
ఒకటోసారి.
మునెక్క కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు,
అద్దంలో చూశాను.
రెండోసారి.
మునెక్క నోరు తెరిచింది.
మాబున్ని మడిచిన వక్కాకు తెచ్చి
ఆ తెరిచిన నోట్లో కుక్కింది.
ఆమె ఉక్కిరిబిక్కిరై, మింగి, తిట్టేలోపు
మూడోసారి అయిపోయింది.
అందరూ పగలబడి నవ్వారు.
మునెక్క కూడా, కాస్త ఆలస్యంగా.

మెట్లు దిగేటప్పుడు డబ్బా నా చంకలో ఉంది.
వెనక నుంచి మాబున్ని గొంతు, చిన్నగా:
"నువ్వు నాకు వెయ్యి బాకీ ఉండావు మే.
నేనేం మర్సిపోలే."

పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.
ఆమె అడగలేదు.
నేను కొట్టేయలేదు.